ఎడమ పక్క

ఎవరూ తరమకుండానే తను పారిపోతున్నాడన్న సంగతి వెస్లీ కార్డర్‌కి ఆదివారం ఉదయం ఎనిమిదింటికి తెలిసింది.

డ్రై ఫోర్క్ కాలేజీ జిమ్ కింద కిటికీల్లేని గది అది. గోడ మీద నిన్నటి అమెరికన్ ఫుట్‌బాల్ ఆట మాటా పలుకూ లేకుండా కదులుతోంది. కోచ్‌లు చూసుకునే ఈ బొమ్మలకి శబ్దం ఉండదు. హెడ్ కోచ్ మెక్‌రే రిమోట్ నొక్కి బొమ్మని ఆపాడు.

"లెక్కపెట్టు," అన్నాడు. "నీ చుట్టూ మూడు గజాల్లో ఎవడున్నాడు?"

వెస్లీ చూశాడు. లెక్కపెట్టడానికి ఎవరూ లేరు. లైన్‌లో ఐదుగురు, ఒక్కొక్కడూ మూడు వందల పౌండ్ల మనిషి, గుర్రపు నాడాలా వంపు తిరిగి నిలబడి ఎదుటివాళ్లని ఆపుతున్నారు. ఆ వంపు లోపల వాళ్లు కాపాడిపెట్టిన చోటు, అందరూ పాకెట్ అనే చోటు, ఊడ్చిన వాకిలిలా శుభ్రంగా ఉంది. క్వార్టర్‌బ్యాక్ అన్నవాడు అక్కడ నిలబడి, తలెత్తి మైదానం చివరిదాకా చూసి, బంతి విసరాలి. గోడ మీదున్న క్వార్టర్‌బ్యాక్ మాత్రం బంతిని కడుపుకి అదుముకుని, తల దించుకుని, కుడివైపుకి పరుగు తీస్తున్నాడు. వీపు మీద అంకె తనదే.

"ఇలాంటివి నిన్న ఒక్కరోజే పదకొండు," అన్నాడు మెక్‌రే. "నీ కళ్లు చూడు. విసరాల్సినవాణ్ణి చూడట్లేదు. ఎడమ భుజం మీంచి వెనక్కి చూస్తున్నావు. ఎవడి కోసం?"

"తెలీదు, కోచ్."

"నాకూ తెలీదు. అదే నా బాధ."

మెక్‌రే ముసలివాడు. ముప్పై ఏళ్లుగా క్వార్టర్‌బ్యాక్‌ల కాళ్లు చూస్తూ బతికాడు. గొంతు పెంచడు. పెంచితే బాగుండునని ఆ క్షణాన వెస్లీకి అనిపించింది.

"శనివారం ఆఖరి ఆట. అదీ మన మైదానంలోనే. నాలుగేళ్లు ఆడినవాడివి, నిన్ను మైదానంలోకి దించకపోతే నాకు నిద్ర పట్టదు. దించుతా. నీ పాదాలు నిలబడినంతసేపూ ఆట నీది. కదిలాయా, ఈలై లోపలికొస్తాడు."

ఈలై మొదటి సంవత్సరం వాడు. ఎడమచేతి వాటం. ఇంకా గడ్డం కూడా సరిగా రాలేదు.

వెస్లీ తలూపాడు. శనివారం తర్వాత తనకి ఆట లేదు. తనది డబ్బిచ్చి ఆడించే పై జట్లు పిలిచే చెయ్యి కాదని రెండో ఏడే ఒప్పేసుకున్నాడు. జనవరి నుంచి పశువుల దాణా కంపెనీలో ఉద్యోగం. మిగిలిన కోరిక ఒక్కటే. ఆఖరిసారి పాకెట్‌లో నిలబడాలి. దెబ్బ తగిలితే తగలనీ, తలెత్తే ఉంచి, బంతి విసిరి, బయటికి నడిచి రావాలి. పిరికివాడిలా మాత్రం ముగించకూడదు.

బయట గాలికి దుమ్ము లేస్తోంది. పత్తి ఏరేసిన చేల మీంచి వచ్చిన దూది రోడ్డు పక్క తీగలకి పట్టుకుని వేలాడుతోంది. ట్రక్కుకి ఆనుకుని ఓటిస్ బ్రాన్‌హామ్ నిలబడి ఉన్నాడు. లైన్‌కి ఎడమ కొసన కాపు కాసే లెఫ్ట్ టాకిల్ అతను. కుడిచేతి వాటం క్వార్టర్‌బ్యాక్ విసరడానికి తిరిగినప్పుడు వీపు ఎడమవైపే ఉంటుంది కాబట్టి, వెస్లీ వీపు మూడేళ్లుగా ఓటిస్ చేతుల్లో ఉంది. గది కూడా ఇద్దరిదీ ఒకటే.

"ఏమన్నాడ్రా ముసలాయన?"

"దయ్యాల్ని చూసి పారిపోతున్నానట. నిన్న పదకొండు."

"పేర్లయినా అడగాల్సింది," అని ఓటిస్ నవ్వి, తాళాలు విసిరాడు. "నువ్వే నడుపు. నా మోకాలు పట్టేసింది."

ట్రక్కు ఓటిస్‌దే. అయినా ఆగస్టు నుంచి ఎడమ సీట్లో స్టీరింగు ముందు కూర్చుని వెస్లీయే నడుపుతున్నాడు. మంచి స్నేహితుడు, తన మనసు మళ్లించడానికి బండి చేతికిస్తున్నాడు అనుకున్నాడు.

సోమవారం వెస్లీ లైన్ కోచ్ హ్యాస్కెల్ గదికి వెళ్లాడు. హ్యాస్కెల్ పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, పొట్టు కాగితపు కప్పులో ఊస్తూ, పెన్సిల్ చెక్కుకుంటున్నాడు. ప్రతి ఆట తర్వాత లైన్‌లో ఒక్కొక్కడికీ ప్రతి కదలికకీ ప్లస్సో మైనస్సో వేయడం ఆయన పని. క్వార్టర్‌బ్యాక్ కింద పడ్డ ప్రతిసారీ ఆ తప్పు ఎవరిదో రాసేదీ ఆయనే. కాపు కాసేవాడు వదిలేశాడా, లేక క్వార్టర్‌బ్యాకే బంతి పట్టుకుని ఆలస్యం చేశాడా. ఆయన రాసిందే మాట. దానిమీద ఎవరూ మాట్లాడరు.

"ఈ ఏడు మన మైదానంలో ఎన్నిసార్లు పడ్డాను, కోచ్?"

"పందొమ్మిది."

"బయట ఊళ్లలో?"

"రెండు."

"పందొమ్మిదిలో నావెన్ని?"

హ్యాస్కెల్ కాగితం తిప్పాడు. "పదిహేను. గుడ్డు పొదిగినట్టు పొదుగుతావు బంతిని. విసరవేం?"

విసరడానికి టైము చాలలేదనే అనిపించింది అప్పుడు. మొదటి దెబ్బలు నిజంగా వీపు మీదే పడ్డాయి, ఇంకా తను మూడో అడుగు వెనక్కి వేయకముందే. కానీ గడియారం పట్టుకున్నది తను కాదు.

"ఎడమవైపు ఏమైనా..." అన్నాడు వెస్లీ.

పెన్సిల్ ఆగింది. "ఏమైనా అంటే?"

"ఏం లేదు."

"నా పిల్లల సంగతి నేను చూసుకుంటా. నీ కాళ్ల సంగతి నువ్వు చూసుకో."

హ్యాస్కెల్ మళ్లీ పెన్సిల్ వైపే చూశాడు. వెస్లీకి సిగ్గేసింది. లైన్ మీద వేలెత్తే క్వార్టర్‌బ్యాక్‌కి ఈ ఆటలో స్థానం లేదు. గెలిస్తే లైన్ గెలిపించిందని చెప్పాలి, ఓడితే నేను ఓడించానని చెప్పాలి. పన్నెండేళ్ల వయసులో మొదటి హెల్మెట్‌తో పాటు నేర్పిన మాట అది. అందుకే తను ఎన్ని గంటలు ఆ గదిలో కూర్చున్నా తనని తాను చూసుకున్నాడు, బంతి అందుకునేవాళ్లని చూశాడు, ఎదుటివాళ్లని చూశాడు. లైన్ ఎడమ కొసని ఒక్కసారి కూడా వెనక్కి తిప్పి చూడలేదు. చూడటమే ద్రోహం అనిపించేది.

మంగళవారం ప్రాక్టీసులో మెక్‌రే చీపురు తెచ్చాడు. పొడుగు కర్ర చీపురు, జిమ్ ఊడ్చేది. వెస్లీ బంతి రెండు చేతులా ఛాతీ దగ్గర పట్టుకుని, పాదాల మునివేళ్ల మీద ఊగుతూ నిలబడాలి. ముప్పై గజాల అవతల ఈలై చేతివేళ్లు ఎత్తి చూపిస్తాడు. ఎన్ని వేళ్లో వెస్లీ చెప్పాలి. మెక్‌రే చుట్టూ తిరుగుతూ చీపురుతో పొడుస్తాడు, ఒకసారి భుజం మీద, ఒకసారి నడుం మీద. పొడుపు తగిలినా ఒక చిన్న అడుగు మాత్రమే జరగాలి, కళ్లు దించకూడదు.

"మూడు," అన్నాడు వెస్లీ.

కుడి భుజం మీద పొడుపు. అర అడుగు జరిగాడు. "రెండు. ఐదు."

నడుం మీద. "నాలుగు."

మెక్‌రే ఎడమవైపు వెనక్కి వచ్చాడు. పొడవలేదు. ఊరికే బూటుతో గడ్డి మీద రాశాడు. ఆ చప్పుడుకే వెస్లీ తల దించి కుడికి నాలుగు గజాలు వెళ్లిపోయాడు. వెళ్లిపోయాక తెలిసింది వెళ్లానని.

ఎవరూ నవ్వలేదు. ఈలై ఇంకా వేళ్లు ఎత్తే ఉన్నాడు.

"రెండు," అన్నాడు వెస్లీ, చాలా ఆలస్యంగా.

మెక్‌రే చీపురు భుజాన వేసుకున్నాడు. "కాళ్లు కుక్కల్లాంటివి, నాయనా. ఎవరో కొట్టారు వాటిని. బతిమాలి వెనక్కి పిలవాలంటే టైము పడుతుంది. మనకి నాలుగు రోజులే ఉన్నాయి."

బుధవారం పెట్రోలు పోయించుకుంటుంటే పక్క పంపు దగ్గర ముసలాయన టోపీ వెనక్కి నెట్టి పలకరించాడు. "నువ్వేనా కార్డర్ కుర్రాడివి? పరాయి ఊళ్లో పులివట, ఇక్కడికొస్తే కాళ్లొణుకుతాయట. మేం కరవం బాబూ, సగంమందికి పళ్లే లేవు."

"తెలుసండీ," అన్నాడు వెస్లీ, నవ్వడానికి ప్రయత్నించి.

ఊరంతా చెప్పుకునేది అదే. సొంతవాళ్ల ముందు బెదురు. నిజమే కాబోలు. లేకపోతే జనం ఉరుములా అరిచే పరాయి మైదానాల్లో నిబ్బరంగా నిలబడి, తన మాట చర్చిలో ప్రార్థనలా వినబడే సొంత మైదానంలో ఎందుకు చస్తున్నాడు?

సాయంత్రం తండ్రి రేమండ్ ఫోన్ చేశాడు. దాణా లారీ నడుపుతాడు. తల్లి పోయినప్పట్నుంచీ సొంత మైదానంలో ఆట ఉన్న ప్రతి శనివారం లోడు మానుకుని మూడు గంటలు బండి నడిపి వస్తాడు, ముప్పయ్యో గజం గీత దగ్గర ఐదో మెట్టు మీద కూర్చుంటాడు.

"శనివారం పెద్దవాళ్లని కూడా మైదానంలోకి నడిపిస్తారటగా, నాలుగో ఏడు పిల్లలతో," అన్నాడు.

"అవును నాన్నా."

అవతల లారీ ఇంజను కొట్టుకుంటోంది. 

"ఒరేయ్ వెస్, నేను వచ్చిన ఆటల్లోనే నువ్వు పడుతున్నావు. నేను లెక్క చూశాను. రాని నాలుగింట్లో బానే ఆడావు. నేనక్కడ కూర్చోడమే నీకు ఇబ్బందేమో. ఈసారి రాకుండా ఉండనా?"

రమ్మని చెప్పాలి. నోటిదాకా వచ్చింది. కానీ పాదాలు గుర్తొచ్చాయి, చీపురు గుర్తొచ్చింది. ఏ చిన్న మార్పుతోనైనా అవి నిలబడతాయేమో.

"నీ ఇష్టం, నాన్నా."

"సరే మరి," అన్నాడు రేమండ్. "సరే. బాగా ఆడు."

గురువారం రాత్రి భోజనం క్వార్టర్‌బ్యాక్ లైన్‌కి పెట్టేది. ఏ కాలేజీలోనైనా ఉన్న రివాజే. రోడ్డు పక్క మాంసం కాల్చే షెడ్డులో పొడుగు బల్ల, కాగితాల మీద గుట్టగా పొగబెట్టిన మాంసం, ఊరవేసిన దోసకాయలు, తెల్ల రొట్టె, బీన్స్, తియ్యటి చల్ల టీ. ఐదుగురు కూర్చుంటే బల్ల సగం నిండింది. ఓటిస్ ఎప్పటిలా కుడి కొసన గోడకి ఆనుకుని కూర్చున్నాడు. వెస్లీ అతని ఎడమ పక్కన.

"చూడండ్రా, ఓటిస్ రెండో పళ్లెం ముట్టలేదు," అన్నాడు లైన్ మధ్యనుంచి బంతి వెనక్కి అందించే సెంటర్ పెర్రీ. "ఎవరైనా పోయారా?"

"ఇప్పటిదాకా తిన్న ఆవుల్ని లెక్కపెట్టి జాలితో వదిలేశాడు," అన్నాడు ఇంకొకడు.

"వాడిప్పుడు పెద్దోడురా. పై జట్టోళ్లు నోట్‌బుక్కులు పట్టుకుని వచ్చి చూసెళ్లారు. మనలా తింటాడా?"

ఓటిస్ నవ్వాడు.

వెస్లీ లేచి నిలబడ్డాడు. లేవాలని రెండు రోజులుగా అనుకుంటున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక టీ గ్లాసు పట్టుకున్నాడు.

"ఒక మాట చెప్పాలిరా. పందొమ్మిదిసార్లు పడ్డాను. అందులో పదిహేను నావేనని హ్యాస్కెల్ రాశాడు. పేపర్లో మాత్రం లైన్ ఆపలేకపోయిందనే పడింది. మీ అమ్మానాన్నలు అదే చదివారు. తప్పు నాది. మీరు మీ పని చేశారు, నేను నిలబడలేకపోయాను. మిమ్మల్ని నలుగురిలో చులకన చేశాను. క్షమించండి."

 పెర్రీ దోసకాయ ముక్క వైపు చూస్తున్నాడు.

"కూర్చోరా," అన్నాడు చివరికి. "నువ్వు మా వాడివి. పడితే లేపుతాం."

వెస్లీ కూర్చున్నాడు. కళ్లు మండుతున్నాయి. పక్కన ఓటిస్ తన పళ్లెంలోకే చూస్తూ చెయ్యి చాచాడు.

"ఆ రొట్టె ఇటివ్వు," అన్నాడు.

శనివారం ఒంటిగంటకి ఆట. దానికి ముందు నాలుగో ఏడు పిల్లల్ని ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచారు. తల్లులు పిల్లల అంకెలున్న చొక్కాలు వేసుకుని, పూలు పట్టుకుని, గడ్డి మీద మడమలు దిగబడుతుంటే నవ్వుకుంటూ నడిచారు. ఓటిస్‌కి ఒకవైపు తల్లి, ఒకవైపు తండ్రి. ఓటిస్ తల్లిని ఎడమ పక్కకి లాక్కున్నాడు, ఆమె ఏదో చెబుతుంటే ఆమె మీదికి వంగాడు. వెస్లీ పేరు పిలిచినప్పుడు ఒక్కడే నడిచాడు. ఐదో మెట్టు మీద ఎప్పుడూ నిండే చోట ఎవరిదో కోటు పరిచి ఉంది.

ఆట మొదలైంది. మన బంతి. జనం మాట్లాడటం మానేశారు, తమ కుర్రాడి కేక లైన్‌కి వినబడాలని. వెస్లీ పెర్రీ వెనక ఐదు గజాల దూరాన నిలబడి, లైన్ ఒక్కసారే లేవడానికి కేక వేశాడు. బంతి వచ్చింది. వెనక్కి మూడడుగులు. మూడోది వేసి, మునివేళ్ల మీద ఊగి, తలెత్తాడు.

ఎడమ చెవి వెనక గాలి మారింది. పాదాలు కదలబోయాయి. ఆపాడు. పళ్లు బిగబట్టి, మేకు కొట్టినట్టు ఆపాడు. దూరంగా తన మనిషి మూలకి తిరుగుతున్నాడు. ఇంకొక్క క్షణం. చెయ్యి వెనక్కి పోయింది.

దెబ్బ ఎడమ పక్కటెముకల మీద పడింది. బంతి ఎటో ఎగిరింది. నోట్లోకి గడ్డీ రబ్బరు పొడీ వచ్చాయి. మీదున్నవాడు లేస్తూ, "నీ దాకా ఎర్రతివాచీ పరిచారు బ్రదర్," అన్నాడు.

ఓటిస్ చెయ్యి పట్టి లేపాడు. "బావున్నావా?"

"నాదే. ఇంకా ముందే విసరాల్సింది," అన్నాడు వెస్లీ.

ఓటిస్ హెల్మెట్ లోపల్నుంచి చూశాడు. తిరిగి తన చోటికి వెళ్లిపోయాడు.

తర్వాతిసారి బంతి వచ్చినప్పుడు పాకెట్ అద్దంలా ఉంది. ఓటిస్ తనకెదురుగా ఉన్నవాణ్ణి తోసేశాడు. ఎవరూ రాలేదు. అయినా వెస్లీ పాదాలు అడగలేదు. తల దిగిపోయింది, వీపు గూనైంది, కుడివైపుకి పరుగు. గీత దాటి బయటపడేసరికి మెక్‌రే ఎదురుగా నిలబడి ఉన్నాడు. కోప్పడలేదు. వెస్లీ భుజం మీద చెయ్యి వేసి, మరో చేత్తో ఈలైని ముందుకి తోశాడు.

ఈలై బాగా ఆడాడు. ఎడమచేతి వాటం వాడు విసరడానికి తిరిగితే మొహం ఎడమవైపే ఉంటుంది. అటునుంచి ఎవడొచ్చినా కళ్లముందే కనబడతాడు. రెండుసార్లు అలా ఒకడు దూసుకొచ్చాడు. ఈలై తేలిగ్గా పక్కకి జరిగి విసిరాడు. జనం లేచి చప్పట్లు కొట్టారు. లైన్ అదే, మైదానం అదే, కుర్రాడు నిలబడ్డాడు. ఇంకేం కావాలి రుజువు? పెట్రోలు పంపు ముసలాయన ఇక్కడెక్కడో కూర్చుని తలూపుతూ ఉంటాడు.

వెస్లీ ఆట ఎత్తులు రాసుకునే అట్ట పట్టుకుని గీత బయట నిలబడ్డాడు. మూడో భాగంలో జట్టు దిక్కు మారింది. లైన్ ఎడమ కొస సరిగ్గా అతనికి ఎదురుగా వచ్చింది, ఐదుగురూ ఒకరి పక్కన ఒకరు, పక్కనుంచి చూస్తే ఒకే బారు. నాలుగేళ్లలో వాళ్లని ఈ కోణం నుంచి అతనెప్పుడూ చూడలేదు. అతని చోటు వాళ్ల వెనక. కళ్లు ఎప్పుడూ వాళ్ల తలల మీదుగా దూరంగా.

ఈలై కేక వేశాడు. బంతి కదిలింది. నలుగురు ఒక్కసారే లేచారు. ఐదోవాడు ఆ తర్వాత లేచాడు.

వెస్లీ అట్ట కిందికి దించాడు.

మళ్లీ కేక. నలుగురు. ఆ తర్వాత ఒకడు. రెప్పపాటు తేడా, అంతే. కానీ ఆ రెప్పపాటులోనే అవతలివాడు భుజం దాటేస్తున్నాడు. ఓటిస్ తల ముందుకి లేదు. లోపలికి తిరిగి ఉంది, బంతి వైపు. పరాయి మైదానాల్లో జనం అరుపులకి కేక వినబడదు కాబట్టి, ఐదుగురూ అలాగే బంతిని చూసి లేస్తారు. అక్కడ అందరూ సమానం. ఇక్కడ నలుగురు కేక విని లేస్తున్నారు. ఒకడు మాత్రం చూస్తున్నాడు.

ట్రక్కు తాళాలు గుర్తొచ్చాయి. గోడకి ఆనిన కుర్చీ గుర్తొచ్చింది. తల్లిని ఎడమ పక్కకి లాక్కోవడం గుర్తొచ్చింది.

ఆట అటు తిరిగి ఇటు తిరిగి మనవాళ్లే గెలిచారు. ఆఖరి నిమిషంలో మెక్‌రే వెస్లీని పిలిచాడు. "వెళ్లు. మోకాలు వేసి రా." ఆట అయిపోయిందని అందరికీ తెలిసినప్పుడు క్వార్టర్‌బ్యాక్ బంతి తీసుకుని మోకాలు ఆన్చేస్తాడు. ఎదుటివాళ్లు కూడా మీదికి రారు. మర్యాద కోసం ఇచ్చిన అవకాశం.

వెస్లీ పెర్రీ వెనక నిలబడి, మెల్లగా కేక వేశాడు. బంతి అరచేతుల్లో పడింది. ఎవరూ రాలేదు, రారు కూడా. దెబ్బలకి కారణం ఇప్పుడు తెలుసు. అయినా మోకాలు నేలకి ఆనేలోపు కుడి పాదం తనంతట తనే ఒక అడుగు పక్కకి వేసింది. కాళ్లకి ఆ సంగతి చెప్పేవాళ్లు ఇంకెవరూ లేరు.

బండ్లు నిలిపే చోట చివరన దాణా లారీ ఆగి ఉంది. ఇంజను నడుస్తోంది. రేమండ్ కిటికీ దించాడు.

"లోపలికి రాలేదు. ఇక్కడ్నుంచే రేడియోలో విన్నా," అన్నాడు. "మొదటిసారి నిలబడ్డావట. రేడియో వాడు చెప్పాడు. దెబ్బ తింటూ కూడా నిలబడ్డాడని."

"నిలబడ్డాను నాన్నా."

"చాల్లే మరి." రేమండ్ స్టీరింగు తుడిచాడు, దుమ్మేమీ లేకపోయినా. "లోడుంది. వెళ్తా."

లారీ మలుపు తిరిగేదాకా వెస్లీ అక్కడే నిలబడ్డాడు. తర్వాత ట్రక్కు పక్కన నిలబడ్డ ఓటిస్ దగ్గరికొచ్చి, తన జేబులో ఉన్న తాళాలు తీసి అతనికిచ్చాడు.

"ఇవాళ నువ్వు నడుపు."

"మోకాలురా..."

"నాకు పక్కటెముకలు. నువ్వే నడుపు."

ఓటిస్ ఒక్క క్షణం తటపటాయించి ఎడమవైపు స్టీరింగు ముందు ఎక్కాడు. వెస్లీ చుట్టూ తిరిగి కుడివైపు కూర్చున్నాడు. ఊరు దాటారు. ఎండ పల్చబడింది. చేలల్లో పత్తి మోపులు గుడారాల్లా ఉన్నాయి. వెస్లీ అద్దంలోంచి రోడ్డు మీదకే చూస్తూ, మామూలు గొంతుతో అన్నాడు.

"ఓటిస్, నీకు కుడి చెవి వినబడదు కదూ."

ఓటిస్ గేరు మార్చాడు.

"మా నాన్న ఇవాళ బయట కూర్చుని రేడియోలో విన్నాడు. నేనే రమ్మనలేదు. ఆయన్ని చూసి కాళ్లొణుకుతున్నాయనుకున్నాను."

"ఆకలేస్తోందా?" అన్నాడు ఓటిస్. "ఏమైనా తిందామా?"

 వెస్లీ చెయ్యి చాచి అతని భుజం తట్టాడు. ఓటిస్ తిరిగి చూశాడు. వెస్లీ మొహం చూశాడు. ట్రక్కుని నెమ్మదిగా రోడ్డు దించి ఒక పత్తి మోపు పక్కన నిలిపాడు. ఓటిస్ ఇంజను ఆపాడు. సీట్లో పూర్తిగా వెస్లీ వైపు తిరిగి, ఎడమ చెవి అతనికి దగ్గరగా పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఇంకోసారి చెప్పక్కర్లేదు," అన్నాడు. "నేనే చెప్తా. ఆగస్టు పన్నెండు, సాయంత్రం ప్రాక్టీసు. ఎవడిదో మోచెయ్యి చెవి మీద పడింది. లోపల ఏదో తెగింది. పొద్దున దిండు మీద రక్తం ఉంటే, నువ్వు లేచేలోపు తిప్పేసుకున్నా. అప్పట్నుంచీ ఆ పక్కన కెటిల్ మరుగుతున్న మోతే. మన కేకలు కుడివైపు నుంచొస్తాయి. ఎడమవైపు ఎదుటివాళ్ల అరుపులే. డాక్టరు చూస్తే కూర్చోబెడతాడు. ఆ నోట్‌బుక్కుల వాళ్లు మళ్లీ రారు. ఇరవై రెండేళ్లకి నాకు చేతనైంది ఇదొక్కటేరా. రెండో ఆటకే హ్యాస్కెల్ కనిపెట్టాడు. అడిగాడు, చెప్పేశా. నా చోట దించడానికి ఇంకెవడూ లేడాయనకి. 'బంతిని చూసి లే, మిగతాది నేను చూసుకుంటా' అన్నాడు. చూసుకోడమంటే ఏంటో ఆ సోమవారమే ఆయన కాగితం చూశాక తెలిసింది. నాకు ప్లస్సులు. పక్కన నీ పేరు. అప్పుడైనా చెప్పొచ్చు. వచ్చే వారం వినబడుతుందిలే అనుకున్నా. ప్రతి వారం అనుకున్నా. నువ్వు దయ్యాల్ని చూడట్లేదు, వెస్. మొదట నిన్ను కొట్టినవాళ్లందరికీ నేనే తలుపు తీశా. రేపు పొద్దున మెక్‌రే దగ్గరికెళ్తా. ఇవాళ నువ్వొక్కడివే నడవడం చూశా, మీ నాన్న దగ్గరికీ వెళ్తా. ఇంకో ఆట లేదని తెలుసు. ఇంకోటి కూడా చెప్పాలి. గురువారం నువ్వు లేచి మాకందరికీ క్షమాపణ చెప్పావు కదా. అది నాకు వినబడలేదేమో అనుకుంటావు. అలా అనుకోకు. నువ్వు నా ఎడమ పక్కన నిలబడ్డావు. ఒక్క మాట పోకుండా విన్నా. విని, రొట్టె ఇటివ్వమన్నా."